చక్కెర లేని ఇల్లు

మార్చి 4

పిచ్చుకా,

నీ గదిలో కొళాయి బాగయిందా, ఇంకా కింద నుంచి బకెట్లు మోస్తున్నావా? నడుం జాగ్రత్త. నువ్వు పెట్టెలో మర్చిపోయిన ఊదా రంగు స్వెటరు ఉతికి ఉంచాను, ఎవరైనా అటు వస్తే పంపుతాను.

అసలు సంగతికొస్తాను. మీ అన్నయ్య షుగరు మాత్రలతో లొంగేలా లేదట. సోమవారం నుంచి భోజనానికి ముందు పొట్టలో ఇన్సులిన్ సూది వేసుకోమన్నారు. నేనూ వెంట వెళ్లాను కానీ ఏం లాభం? డాక్టరు మూతికి గుడ్డ కట్టుకుని, కాగితంలోంచి తల ఎత్తకుండా పావుగంట మాట్లాడాడు. పెదాలు కనపడకపోతే నాకు ఒక్క ముక్క అందదని నీకు తెలుసుగా. బయటికొచ్చాక ఏమన్నారని అడిగితే, సూది వేసుకోవాలి, తీపి మానాలి, అంతే అన్నారు మీ అన్నయ్య. పదకొండో ఏట జ్వరమొచ్చి చెవులు పోయిన దగ్గర్నుంచీ నా వరస ఇదే. అందరూ పావుగంట మాట్లాడుకుంటారు, నాకు నాలుగు ముక్కలు చెబుతారు.

సూదికి ఆయన భయపడటం లేదు. లైబ్రరీలో రోజంతా పాత పుస్తకాలు బైండు చేస్తూ సూదులు గుచ్చే మనిషి, తనకి ఒకటి గుచ్చుకోవడం లెక్కా? గొడవంతా టీ దగ్గర వచ్చింది. మూడు చెంచాల చక్కెర పోస్తే గానీ గొంతు దిగదాయె. చప్పటి టీ ముందు పెడితే, ఎవరో పుస్తకాన్ని తలకిందులుగా కుట్టి తెచ్చినట్టు దానివంక చూస్తారు. నాలుగు రోజులుగా పొద్దున పూట మాటల్లేవు. లైబ్రరీకి వెళ్లి ఆ నేలమాళిగలో బంక ఉడకబెట్టుకుంటూ కూర్చుంటున్నారు, వచ్చాక అదే మొహం.

మందుల షాపులో తీపి బిళ్లలు చూశాను. పక్కింటి టీచరమ్మ అవి విషం అంటోంది. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలో ఒకామె ఆరేళ్లుగా వాడుతున్నానంటోంది. ఆస్పత్రి వంటశాలలో పథ్యం భోజనాలు చూసేదానివి, నువ్వు చెబితే అదే నాకు వేదం. ఫోను చేస్తే నాకు వినపడదు. ఉత్తరమే రాయి, వివరంగా.

నీ వదిన


మార్చి 12

వదినా,

కొళాయి బాగయింది. ఇప్పుడు కట్టేస్తే ఆగడం లేదు, అది వేరే కథ.

తీపి బిళ్లలు విషం కాదు. మా వంటశాల నుంచి పూటకి నూటపది పళ్లేలు వెళితే, నలభైకి పైగా పసుపు చీటీ అంటించినవి, అవి షుగరు వాళ్లవి. వాళ్ల టీలో మేం వేసేవీ అవే. డబ్బా మీద రాసిన మోతాదు దాటకపోతే చాలు. కప్పుకి ఒకటి, మరీ గొడవ చేస్తే రెండు. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఎక్కువసేపు వేడి తగిలితే తీపి పోగొట్టుకుంటుంది, దాన్ని దించాక వేయాలి. రెండోది పొయ్యి మీద కాచినా, ఓవెన్లో పెట్టినా తట్టుకుంటుంది. కేకు చేస్తే ఈ రెండోది వాడు. ఇంకోమాట. చక్కెర లేదని రాసిన బిస్కెట్టు కూడా బిస్కెట్టే, అందులో పిండి ఉంటుంది. పాకెట్టు పాకెట్టు లాగిస్తే షుగరు పెరగక మానదు, పైగా కడుపు పాడవుతుంది. అన్నయ్య సంగతి నాకు తెలుసు, తలుపు సందు దొరికితే దూరిపోయే రకం.

నువ్వు కంగారు పడకు. తీపి మానడం కంటే తీపి మార్చడం తేలిక. పదిహేను రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.

ఈ కవరులోనే ఇంకో మడత కాగితం ఉంది. అది అన్నయ్యకివ్వు. సూది గురించి నాలుగు జాగ్రత్తలు, నువ్వు చదవక్కర్లేదు, మందుల గొడవ. నువ్వు చదివావంటే లేనిపోనివన్నీ ఊహించుకుని అన్నం మానేస్తావు.

పిచ్చుక


ఏప్రిల్ 9

పిచ్చుకా,

నీకు తెలివితేటలున్నాయి, నాకు చేతులున్నాయి, మొత్తానికి గెలిచాం.

మొదటిసారి బిళ్లలు టీపొడితో కలిపి మరిగించి చెడగొట్టాను. ఆయన ఒక గుక్క తాగి కిటికీ అవతల పూలకుండీలో పోయబోయారు. నీ ఉత్తరం మళ్లీ తీసి చూస్తే, దించాక అని రాసే ఉంది. ఇప్పుడు కప్పు ఆయన ముందు పెట్టి, ఆయన కళ్లెదుటే రెండు బిళ్లలు వేస్తాను. తిప్పుకుని తాగుతున్నారు. పోయిన ఆదివారం రెండో రకం పొడితో కేకు చేశాను. కాస్త గట్టిపడింది కానీ తిన్నారు. "అట్టకి అట్ట, తీపికి తీపి" అన్నారు. ఇరవై ఆరేళ్లలో నా వంటకు ఆయనిచ్చిన పెద్ద మెచ్చుకోలు ఇదే, రాసి పెట్టుకో.

నీ మడత కాగితం ఇచ్చేశాను. చదవొద్దన్నావు గనక చదవలేదు. ఆయన నిలబడి చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏముందని అడిగితే, "మందుల గొడవ, తర్వాత చెప్తాలే" అన్నారు. ఇద్దరూ ఒకే మాట అన్నారు గనక నిజమే అయి ఉంటుంది.

ఇంకో ఘనకార్యం చేశాను. ఇంట్లో చక్కెర డబ్బా, తేనె సీసా, జాము, అన్నీ టీచరమ్మకిచ్చేశాను. ఇప్పుడు మన ఇల్లంతా వెతికినా ఒక్క చక్కెర పలుకు దొరకదు. ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు కదా. డబ్బా పట్టుకెళ్తుంటే వెనక నుంచి భుజం తట్టి ఏదో అన్నారు. పెదాలు సగమే చూశాను, కాస్త ఉంచమనో ఏమో. బేరాలకొచ్చారు అనుకుని, వినపడనట్టు నడిచిపోయాను. చెవిటితనంలో ఉన్న సుఖం అదొక్కటే, దాన్ని నేనెందుకు వాడుకోకూడదు?

స్వెటరు పోస్టులో పంపాను.

నీ వదిన


ఏప్రిల్ 27

వదినా,

ఇవాళ తీరిక లేదు. ఇద్దరు వంటవాళ్లు సెలవు పెట్టారు, నేనే గరిటె పట్టుకున్నాను. స్వెటరు అందింది, మోచేతి దగ్గర చిరుగు కూడా కుట్టి పంపావు, నువ్వు మారవు.

ఇంట్లో చక్కెర పలుకు లేకుండా చేశావంటే గట్టిదానివే. శభాష్. మా పేషెంట్ల ఇళ్లల్లో నీలాంటివాళ్లు పదిమంది ఉంటే నాకు సగం పని తగ్గేది. ఆ అట్ట కేకు ఎలా చేశావో రాసి పంపు, ఇక్కడ చేయిస్తాను.

పిచ్చుక


జూన్ 14

పిచ్చుకా,

ఈ ఉత్తరం మీ అన్నయ్య లేనప్పుడు రాస్తున్నాను. నువ్వు ఆయనకి చెప్పనని ఒట్టేసుకుని చదువు.

పోయిన నెలాఖరున బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా జేబులో పిప్పరమెంట్లు దొరికాయి. ఎర్ర కాగితం చుట్టినవి, చిన్నపిల్లలు చప్పరించేవి. ఎనిమిది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అనుకుని, ఆ చొక్కా నానబెట్టకుండా మళ్లీ జేబులోనే పెట్టేశాను. వారం తర్వాత లెక్కపెడితే ఐదున్నాయి. ఆ తర్వాత చూస్తే మళ్లీ ఎనిమిది. కొని నింపుకుంటున్నారన్నమాట. నాకు బట్టల గది దగ్గరే కళ్లనీళ్లు వచ్చాయి. పొద్దున్నే నా ఎదురుగా బిళ్లల టీ తాగి, అబ్బ బాగుంది అని, జేబులో ఇవి వేసుకుని వెళ్తున్నారా? నేను మూడు నెలలుగా పిండి తూచి, గింజలు తూచి వండుతున్నది ఎవరికోసం?

అడుగుదామనుకున్నాను. అడిగితే మొహం తిప్పుకుని జవాబు చెబుతారు. మొహం తిప్పుకుంటే నాకు జవాబు లేనట్టే. అందుకని అడగలేదు. ఏం చేశానో చెప్పనా? మందుల షాపులో చక్కెర లేని పిప్పరమెంట్లు దొరికాయి. అదే సైజు, అదీ ఎర్ర కాగితమే. గురువారం పాతవి ఎనిమిదీ తీసేసి ఇవి ఎనిమిది పెట్టాను. ఇవాళ్టికి నాలుగు రోజులు, కనిపెట్టలేదు. దొంగకు దొంగ వస్తువు దొరికింది. ఆయనకి చప్పరించిన సుఖం, నాకు షుగరు పెరగదన్న నిశ్చింత.

నవ్వొస్తోందా? నాకు కూడా సగం నవ్వే వస్తోంది. మిగతా సగం నీకు రాస్తే తగ్గుతుందని రాశాను.

నీ వదిన


జూలై 2

పిచ్చుకా,

నువ్వు బస్సెక్కి పది రోజులయింది. ఇల్లు ఎలా ఉందని అడగకు.

నువ్వున్నప్పుడు ఇంటినిండా మనుషులు. మీ అన్నయ్య గుండె ఆగిందన్నారు, షుగరు వాళ్లకి మామూలేనన్నారు, అందరూ తలూపారు. నిన్న లైబ్రేరియన్ ఆయన సామాను తీసుకుని వచ్చాడు. మంచివాడు, నా ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, పెదాలు కనపడేలా చెప్పాడు. ఆ రోజు పన్నెండున్నరకి మీ అన్నయ్య సూది వేసుకుని, అన్నం డబ్బా విప్పడానికి పై గదికి బయలుదేరుతుంటే పాత పత్రికల కట్టలు లారీలో వచ్చాయట. వాన పడేలా ఉందని, తడిస్తే పాడవుతాయని, భోజనం ఆపి గంటసేపు ఆయనే కిందికి మోశారట. తర్వాత ఎవరూ చూడలేదు. మూడింటికి లైబ్రేరియన్ దిగి వెళ్తే, బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు. చొక్కా చెమటతో తడిసి ఉంది. అన్నం డబ్బా పై గదిలో విప్పకుండా ఉంది.

చేతి పక్కన ఆరు ఎర్ర కాగితాలు ఉన్నాయట.

ఆరు, పిచ్చుకా. అన్నం డబ్బా మెట్ల పైన ఉండగా కూర్చుని ఆరు పిప్పరమెంట్లు తిన్నారు. అవి నేను పెట్టినవే అయితే ఏం కాకూడదు. కాకపోతే వాటితోపాటు ఇంకెక్కడ ఏమేం తినేవారో నాకేం తెలుసు? లేక టీచరమ్మ అన్నట్టు ఆ తీపిలోనే విషం ఉందా? నేను పెట్టినవాటివల్లే పోయారా? నువ్వు చదువుకున్నదానివి. నిజం రాయి.

వదిన


జూలై 11

వదినా,

నీ జూన్ ఉత్తరం నేను అక్కడికి బయలుదేరిన రోజు మధ్యాహ్నం ఇక్కడికి చేరిందట. తిరిగి వచ్చాక తలుపు కింద దొరికింది. చదివాను.

ఆ పిప్పరమెంట్లలో విషం లేదు. నువ్వు ఆయనకి పెట్టిన ఏ తీపిలోనూ విషం లేదు. అది నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. ఎక్కువ బాధ పడలేదని కూడా మా డాక్టర్లు అంటున్నారు. మగత కమ్మి నిద్రలోకి జారినట్టు ఉంటుందట.

నువ్వు వేళకి తిను. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

పిచ్చుక


ఆగస్టు 6

పిచ్చుకా,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. నీకూ ఆయన మీద కోపంగానే ఉందని అర్థమైంది. పైకి రాయలేకపోయావు.

నాకైతే దాచుకోవడానికేం లేదు. మొదటి నెల ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రావడం లేదు, మంటగా ఉంది. ఇరవై ఆరేళ్లు పక్కన పడుకున్న మనిషికి, జేబులో ఉన్న పిప్పరమెంటు కన్నా నేను తక్కువయ్యాను. ఆయన చొక్కాలు ఇచ్చేశాను. పుస్తకాలు కుట్టే సూదులు, కాగితాలు మడత నొక్కే ఎముక బద్ద, చిన్న సుత్తి, ఆయన తర్వాత ఆ గదిలో చేరినతన్ని పిలిచి ఇచ్చేశాను. నడవలో ఫోటో తీసి బీరువాలో బోర్లా పెట్టాను. పొద్దున లేచి ఆ మొహం చూస్తే, ఆరు కాగితాలు కనపడుతున్నాయి.

లైబ్రరీవాళ్లు వచ్చారు. ముప్ఫై ఏళ్లలో మూడు వేల పుస్తకాలు బతికించారు, బైండింగు గదిలో ఆయన ఫోటో పెడతాం, ఒకటి ఇవ్వండి అన్నారు. నోరు కట్టుకోలేక పోయిన మనిషికి ఫోటోలెందుకని పంపేశాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టీచరమ్మకీ అదే చెప్పాను. అడిగిన ప్రతివాళ్లకీ అదే చెబుతున్నాను. దాచడమెందుకు?

నువ్వు కూడా ఆయన కోసం తిండి మాని కూర్చోకు. అంత విలువ లేదు.

వదిన


ఆగస్టు 15

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. టీచరమ్మ ఇంట్లో ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

నిజం రాయమన్నావు. విషం లేదని రాశాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. నువ్వు అన్నయ్య ఫోటో బోర్లా పెట్టావని చదివాక ఇక దాచలేను.

ఇన్సులిన్ సూది ఒంట్లో చక్కెరని దించుతుంది. వేసుకుని తినకపోతే, లేదా పెద్ద పని మీద పడితే, చక్కెర మరీ కిందికి పడిపోతుంది. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, తల పని చేయడం మానేస్తుంది. అప్పుడు వెంటనే అసలు చక్కెర నోట్లో పడాలి. చక్కెరో, తేనో, పిప్పరమెంటో. పది నిమిషాల్లో మనిషి మామూలవుతాడు. తీపి బిళ్లలది నాలుక మీద రుచి మాత్రమే, ఒంటికి అందేది ఏమీ ఉండదు. రోజూ వాటిలో ఉన్న మంచి అదే. ఆ ఒక్క పది నిమిషాల్లో మాత్రం అవి ఎందుకూ పనికిరావు.

మార్చిలో నేనిచ్చిన మడత కాగితంలో రాసింది ఇదే. జేబులో ఎప్పుడూ ఎనిమిది పిప్పరమెంట్లు ఉంచుకో, వణుకు రాగానే మూడు నమిలెయ్, వాడినన్ని మళ్లీ నింపుకో అని రాశాను. నువ్వు లెక్కపెట్టినప్పుడు ఐదు ఉన్నాయంటే, ఆ వారంలో అన్నయ్యకి ఒకసారి పడిపోయిందన్నమాట. మూడు తిని లేచి పని చేసుకుని, ఇంటికొచ్చి నీకు చెప్పలేదు. ఎందుకంటే ఆ కాగితం చివర్లో నేనే రాశాను, వదినకి చెప్పకు, భయపడుతుంది అని. నువ్వు చక్కెర డబ్బా పట్టుకెళ్తుంటే కాస్త ఉంచమన్నది కూడా అందుకే అయి ఉంటుంది.

అన్నయ్య నిన్ను మోసం చేయలేదు వదినా. ఒక్క పిప్పరమెంటు కూడా రుచి కోసం తినలేదు.

ఇంట్లో చక్కెర పలుకు లేదని నువ్వు రాస్తే శభాష్ అన్నాను. నలభై పళ్లేలకి చీటీలు అంటించేదాన్ని, సూది వేసుకునే మనిషున్న ఇంట్లో చక్కెర ఉండి తీరాలని నాకు తెలియదా? తెలుసు. జేబులో ఉన్నాయి కదా అనుకున్నాను. గరిటె చేతిలో ఉంది, తొందరలో ఉన్నాను. అదీ నా సంజాయిషీ.

నువ్వు వాటిని మార్చింది తెలియక. నీకు చెప్పకపోవడం మేం తెలిసి చేసిన పని. ఎంత దూరం ఆలోచించినా నాకు ఇక్కడికే వస్తోంది. తొమ్మిదో ఏట నుంచి నాకు జడ వేసి బడికి పంపినదానివి, నీకు ఒక నిజం మొయ్యడానికి బలం లేదని నేను తీర్మానించాను.

నన్ను ఏమైనా అను. అనకపోతే అంతకంటే భరించలేను.

పిచ్చుక


సెప్టెంబరు 19

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. టీచరమ్మని పిలవలేదు. ఒక్కదాన్నే చదివాను. రెండో రోజు మళ్లీ చదివాను. తర్వాత వారం ఏం చేశానో గుర్తులేదు, కుట్టాల్సిన బట్టలు మిషను మీద అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాను. మూతికి ఉన్న గుడ్డ తీసి, నా మొహం చూస్తూ, మార్చిలో మా ఆయనకి చెప్పినదంతా నాకు మొదటి నుంచీ చెప్పమన్నాను. పాపం, చెప్పాడు. నువ్వు రాసినవే. ఎక్కడా కష్టంగా లేదు పిచ్చుకా. చదువు లేని మనిషికి కూడా ఒక్కసారికి అర్థమయ్యే విషయం. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

నేను భయపడతానని మీరిద్దరూ అనుకున్నారు. మీ అమ్మ ఏడు నెలలు మంచాన పడితే ఎత్తి దించింది ఎవరు? అప్పుడు భయపడ్డానా? భయపడితే మాత్రం ఏం? భయపడేదాన్ని, ఏడ్చేదాన్ని, మర్నాడు లేచి వీధి చివరి దుకాణంలో చక్కెర కొనుక్కొచ్చేదాన్ని. ఆయన బతికి ఉండేవారు. నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, ఇక మన మధ్య అది వద్దు. నన్ను నేను క్షమించుకోవడం గురించి అసలు మాట్లాడకు. నేను అడగలేదు. అడగాల్సిన రోజున వినపడనట్టు నడిచిపోయాను.

లైబ్రరీకి వెళ్లి ఫోటో ఇచ్చాను. నేను అన్న మాట తప్పని, అందరూ పనిలో ఉన్నప్పుడు నిలబడి గట్టిగా చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలియదు కదా, పై గదిలో చదువుకునేవాళ్లు కూడా దిగి వచ్చారు. టీచరమ్మకి చెప్పాను. అడిగిన ప్రతివాళ్లకి మళ్లీ వెళ్లి చెప్పాను, ఆయన తిండికి లొంగలేదు, నేనే మార్చాను అని. కొందరు ఓదార్చారు, కొందరు పని ఉందని లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత నేలమాళిగలో ఆయన కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి మెట్లు లెక్కపెట్టాను, పద్నాలుగు. ఆయన ముందు మూడు నమిలి ఉంటారు, నువ్వు రాసినట్టు. మెట్లవంక చూస్తూ కాసేపు ఆగి ఉంటారు. ఇంకా వణుకు తగ్గలేదని నాలుగోది విప్పి ఉంటారు. వణికే చేతులతో ఆ కాగితం విప్పడం ఎంత కష్టమో నేను ఇంటికొచ్చి విప్పి చూశాను. ఐదోది. ఆరోది. ఎవరినీ పిలవలేదట, లైబ్రేరియన్ మెట్ల పైనే ఉన్నాడట. జేబులో మందుందన్న నమ్మకం మీద కూర్చున్నారు. వాటిని నమ్మకపోయి ఉంటే కేక వేసేవారు. ఇది నన్ను వదిలిపోదు. ఎవరు ఏం చెప్పినా పోదు.

నీతో ప్రేమగా రాయడానికి ఇప్పుడు నాకు చేతకావడం లేదు. కానీ ఆయన ఎలా నవ్వేవారో, పుస్తకం వీపు మీద వేళ్లతో ఎలా తట్టేవారో తెలిసినవాళ్లు ఈ లోకంలో నేను కాక నువ్వొక్కదానివే ఉన్నావు. టీచరమ్మతో ఎంతసేపని మాట్లాడను?

ఆదివారం రా. పదకొండు గంటల బస్సుకి స్టాండుకి వస్తాను. నిన్ను చూడగానే తిడతానో, మొహం తిప్పుకుంటానో నాకే తెలియదు. ఏం చేసినా నువ్వు మాత్రం మళ్లీ బస్సెక్కకు. ఇంటికి నడుద్దాం.

వదిన